రద్దీకి మచ్చు అడిగిన పెదనాన్న

ఇప్పుడంటే ఏ ఓడ ఏ సముద్రంలో ఎక్కడ ఉందో ఫోన్లోనే చూసేస్తున్నాం గానీ, ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటకీ సముద్రానికీ ఉన్న చుట్టరికమల్లా ఉప్పు ఒక్కటే. నిండుగా నీళ్ళు చూడాలనిపిస్తే వేదాద్రి వెళ్ళి, కృష్ణలో మూడు మునకలు వేసి, నరసింహస్వామికి దండం పెట్టుకుని వచ్చేవాళ్ళం. ఓడంటే మాకు తెలిసింది చిన్నప్పుడు వాన నీళ్ళలో వదిలిన కాగితప్పడవ. అలాంటి ఊళ్ళో కూర్చుని ఓడల కంపెనీతో తగాదా పెట్టుకుని, ఆ తగాదాకి నా ఉద్యోగాన్ని పందెం కాసిన ఘనత మా పెదనాన్నది. పందెం కాసేటప్పుడు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. (అడిగుంటే నేను ఇంకాస్త ఎక్కువే కాసేదాన్నేమో. ఆ వయసు అలాంటిది.)

తొంభైల చివర్లో సంగతి ఇది. మా కాపురం మాత్రం జగ్గయ్యపేటకి దగ్గర్లోనే ఉన్న నందిగామలో. బజార్లో నాన్నకి కిరాణా కొట్టు. నేను బీకాం పాసై, టైపు లోయరూ హయ్యరూ పూర్తి చేసి, అవి చాలవన్నట్టు కంప్యూటర్ కోర్సు కూడా చేసి, ఇంట్లో ఖాళీగా కూర్చున్నా. ఆడపిల్ల ఖాళీగా కూర్చుంటే మా ఇళ్ళలో ఎవరికీ తోచదు. నా చేతిలో పుస్తకం కనబడితే చాలు, మా అమ్మకి ఎవరో ఒక పెళ్ళికొడుకు గుర్తొచ్చేవాడు. ఖమ్మంలో ఎరువుల కొట్టు ఉన్న అబ్బాయి, కోదాడలో రైసుమిల్లు ఉన్న అబ్బాయి, ఇలా కొట్ల పేర్లే గానీ అబ్బాయిల పేర్లు ఎవరూ చెప్పేవారు కాదు. సరిగ్గా ఆ సమయంలో దేవుడు మా పెదనాన్న బుర్రలో ఒక ఆలోచన పడేశాడు.

పెదనాన్నది జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం. చుట్టుపక్కల రైతుల దగ్గర కాయ కొని గుంటూరు ఎగుమతిదారులకి అమ్మేవాడు. వాళ్ళు దాన్ని ఓడెక్కించి దేశాలు పంపేవాళ్ళు. "మన కాయకి వాళ్ళు ముద్రేసి అమ్మటమేంది, మనకి ముద్ర దొరకదా?" అని ఒక రోజు ఆయనకి పౌరుషం వచ్చింది. దూరపు బంధువుల ద్వారా కొలంబోలో ఒక మసాలా దినుసుల వ్యాపారిని పట్టుకున్నాడు (ఆయన్ని మేమంతా కొలంబో శెట్టిగారు అనేవాళ్ళం, ఆయన శెట్టో కాదో ఇప్పటికీ తెలియదు). కొలంబోతో ఇంగ్లీషులో మాట్లాడాలి, ఫ్యాక్సులు పంపాలి. మా పెదనాన్నకి ఇంగ్లీషులో వచ్చిందల్లా సంతకం ఒక్కటే. అందుకని తిన్నగా నందిగామ వచ్చి, మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఒరే తమ్ముడూ, అమ్మాయిని నాతో పంపించు. ఎగుమతి పని అంతా అదే చూసుకుంటది" అన్నాడు.

"అన్నయ్యా, పిల్ల ఉద్యోగం చేస్తందంటే సంబంధాలు ఎట్టా కుదురుతయ్?" అన్నాడు నాన్న.

"మన కొట్లో మన పిల్ల కూర్చుంటే ఉద్యోగం ఎట్టా అవుద్దిరా?"

నాన్న వ్యాపారస్తుడు. ఊరికే ఏదీ ఇవ్వడు. కాసేపు ఆలోచించి, "సరే, ఒక్క మాట. ఖర్చుల లెక్క అమ్మాయినే వెయ్యమను. మొదటి సరుకు అది వేసిన లెక్కలోనే కొలంబో చేరాలి. దాని మీద ఏ ఖర్చు పెరిగినా పిల్ల ఇంటికొచ్చేస్తది. ఇహ మళ్ళీ నన్నడగొద్దు" అన్నాడు. పెదనాన్న తొడ మీద చరుచుకుని "కట్టు పందెం" అన్నాడు. నేను గుమ్మం వెనక కాఫీ గ్లాసులతో నిలబడి ఇదంతా వింటున్నా. నా జీవితం గురించి ఇద్దరన్నదమ్ములు మూడు నిమిషాల్లో ఒప్పందం చేసుకున్నారు. కాఫీ మాత్రం ఆరు నిమిషాలు తాగారు.

అలా జగ్గయ్యపేట చేరాను. కొట్లో ఒక మూల మిర్చి బస్తాల మధ్య నాకో బల్ల, బల్ల మీద ఫోను. నా మొదటి పని తుమ్మడం, రెండో పని లెక్క వెయ్యడం. గోనె సంచుల దగ్గర్నుంచి ఓడ కిరాయి దాకా అందర్నీ అడిగి, ఒకటికి నాలుగుసార్లు సరిచూసి, కొలంబో రేవులో దించేదాకా మొత్తం ఖర్చు కలిపి ఒకే ధర తేల్చాం. శెట్టిగారు ఒప్పుకున్నారు. అంటే ఇక ఆ పైన ఏ ఖర్చు వచ్చినా అది మాదే, ఆయన్ని అడగడానికి లేదు. నాకైతే ఏ భయమూ లేదు. ఖర్చుకి ఎన్ని దారులున్నాయో అన్నీ మూసేశాననుకున్నా.

సరుకు బయల్దేరిన రోజు పెద్దమ్మ లారీకి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. (ఇప్పుడైతే పరిటాల దగ్గర అంతెత్తు ఆంజనేయస్వామి నిలబడి ఉన్నాడు, దారిన పోయే ప్రతి బండినీ ఆయనే చూసుకుంటాడు. అప్పటికి ఆయన ఇంకా రాలేదు. వచ్చుంటే ఈ కథ ఇంకోలా ఉండేదని పెద్దమ్మ నమ్మకం.) లారీ నందిగామ దాటేటప్పుడు నాన్న కొట్టు వదిలి రోడ్డు మీదకొచ్చి నిలబడి, అది కనుమరుగయ్యేదాకా చూశాడట. అది ప్రేమో, పందెం సరుకు మీద నిఘానో చెప్పలేను.

సరుకు మద్రాసు చేరి, అక్కడ పెట్టెలోకి ఎక్కింది. (కంటైనర్ని మా కొట్లో అందరూ పెట్టె అనేవారు. కొత్తల్లో పెద్దమ్మ దానికి తాళం ఎవరి దగ్గరుంటుందని దిగులుపడింది.) ఇంకేముంది, ఓడెక్కడమే తరువాయి అనుకుంటుండగా మద్రాసు నుంచి ఫోనొచ్చింది. అక్కడ మా తరఫున రేవు పనులు చూసే ఏజెంటు నెల్లూరాయన. ప్రతి మాటకీ ముందొకటి వెనకొకటి హలో తగిలిస్తాడు కాబట్టి ఆయన పేరు మాకు హలోగారు.

"హలో, అమ్మా, పెట్టెకి కొత్తగా ఒక సర్‌ఛార్జి వేశారమ్మా, హలో."

"దేనికండీ?"

"హలో, రద్దీకమ్మా."

సంగతి ఏమిటంటే, మద్రాసు రేవులో ఓడలు ఎక్కువైపోయి, లోపల చోటు లేక బయట సముద్రంలోనే ఆగిపోతున్నాయట. ఆగినన్నాళ్ళూ ఓడకి ఖర్చే కదా, ఆ ఖర్చుని కంపెనీ వాళ్ళు సరుకు పంపేవాళ్ళ మీద పెట్టెకి ఇంతని వేస్తారట. దానికి పోర్ట్ కంజెషన్ సర్‌ఛార్జి అని పెద్ద పేరు. అది కడితేనే పెట్టె ఓడెక్కుతుంది. హలోగారు ఇదంతా మామూలు విషయంలా చెప్పుకుపోతున్నాడు. నాకు మాత్రం నందిగామ బస్సు కళ్ళ ముందు ఆగి, కండక్టరు తలుపు తీసి పట్టుకున్నట్టే ఉంది.

పెదనాన్న ఫోను లాక్కున్నాడు. "ఏందయ్యా, ఓడలు ఆగితే మనం కట్టటమేంది? చిల్లకల్లు దగ్గర రోడ్డు మీద లారీలు బారులు తీరి ఆగుతున్నయ్. రైతు కాయేసుకుని ఆ బారులో పడిగాపులు పడతన్నాడు. ఏనాడన్నా వాడి దగ్గర రద్దీ డబ్బులు తీసుకున్నామా? ఆగినందుకు వాడికి మనమే టీ పోయిస్తన్నాం."

"హలో, అది రూలండీ."

"రూలైతే మచ్చు చూపించమను."

అవతల కాసేపు హలో కూడా వినపడలేదు. మచ్చు అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నా. మిర్చి వ్యాపారంలో మచ్చు చూడకుండా ఎవరూ దేన్నీ కొనరు. బస్తా మూతి విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి, గుప్పెడు కాయ పైకి తీసి, రంగు చూసి, విరిచి, వాసన చూసి, రంగు వెలిసిన తాలుకాయ ఎంతుందో చూసి, ఆ తర్వాతే ధర మాట ఎత్తుతారు. మా పెదనాన్న ఈ పద్ధతిని మిర్చి దాకా ఆపలేదు. మా అక్క పెళ్ళిలో వంటవాణ్ణి గారెలకి మచ్చు చూపించమని, ఆ మచ్చులతోనే మధ్యాహ్నం భోజనం కానిచ్చిన మనిషి. కట్టమన్న డబ్బు రద్దీకి అయినప్పుడు ఆ రద్దీ ఎట్టా ఉందో కళ్ళారా చూడాలి కదా అన్నది ఆయన వాదన. నాకది చాలా సబబుగా తోచింది. ఉద్యోగం పోయేలా ఉన్నప్పుడు ఏ వాదనైనా సబబుగానే తోస్తుంది.

మర్నాడే విజయవాడ వెళ్ళి మద్రాసు రైలెక్కాం. చెన్నై అని పేరు మారినా మా ఇంట్లో దాన్ని అలా పిలవడానికి ఎవరికీ నోరు తిరగలేదు. పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర గూడూరు వచ్చేసరికే అయిపోయింది. దిగీ దిగ్గానే పెదనాన్న "ఆఫీసు తర్వాత, ముందు సరుకు చూద్దాం పద" అన్నాడు. సరుకంటే సముద్రం. బ్యాగులతో సహా బీచికి వెళ్ళి ఇసకలో నిలబడ్డాం. నేను సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి. అంత నీళ్ళు ఒకచోట చూసి నోరు తెరిచి నిలబడిపోయా. పెదనాన్న మాత్రం నీళ్ళ వంక చూడనే లేదు. దూరంగా ఆకాశం అంచున వరసగా నిలబడ్డ ఓడల్ని, మిర్చి యార్డులో బస్తాల వరసని చూసినట్టు, ఒక చివర్నుంచి ఇంకో చివరికి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఉన్నయ్యే అమ్మాయ్" అన్నాడు చివరికి, కాస్త దిగాలుగా. అబద్ధమని తేలుతుందని ఆయనకి గట్టి ఆశ. నాకు అంతకంటే గట్టి ఆశ. అప్పుడు ఆయనకి ఇంకో అనుమానం వచ్చింది. అక్కడ వల బాగుచేసుకుంటున్న జాలరి దగ్గరికి వెళ్ళి, ఓడల్ని చూపించి, రోజూ ఉంటయ్యా అని చేతులతో అడిగాడు. ఆ జాలరి వల మీంచి కళ్ళెత్తకుండా "దినం ఇరుక్కు" అన్నాడు. పెదనాన్న మొహం వెలిగిపోయింది. "విన్నావా? రోజూ ఉండేవేనంట. రోజూ ఉండేదాన్ని రద్దీ అంటారా ఎక్కడన్నా? మన బజారు సందులో ఆంబోతు రోజూ అడ్డంగా పడుకుంటది, దానికి ఎవడన్నా సర్‌ఛార్జి కడతన్నాడా?" అన్నాడు. ఆ ముక్కని ఇంగ్లీషులోకి ఎలా మార్చాలా అని ఆఫీసు చేరేదాకా దారంతా ఆలోచించా. ఆంబోతు దగ్గరే ఆగిపోయా.

ఓడల కంపెనీ ఆఫీసు మేడ మీద ఉంది. అద్దాల తలుపులు, లోపల చలి, అడుగు పెడితే మొహం కనబడే నేల. హలోగారు మమ్మల్ని అక్కడ అప్పగించి, ఇంకేదో పనుందని జారుకున్నాడు. ఈ కబురు తెచ్చినవాడే ఇప్పుడు మాతో పాటు లోపలికి రావడానికి జంకాడంటే, మాకంటే తెలివైనవాడన్నమాట. పెదనాన్న భుజం మీద కండువా సర్దుకుని, కుడిచెయ్యి ఒకసారి దులుపుకుని, కోడిపందేనికి వెళ్ళేవాడిలా మేనేజరు గదిలోకి నడిచాడు. అక్కడ నలభై ఏళ్ళావిడ, నేత చీర, కళ్ళజోడు, నవ్వుతూ "రండి, కూర్చోండి" అంది ఇంగ్లీషులో. పెదనాన్న కూర్చోలేదు. నన్ను భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, తిన్నగా నడవాలో మంచినీళ్ళ కూజా దగ్గరికి లాక్కొచ్చాడు.

"ఆడమనిషే" అన్నాడు గుసగుసగా.

"అయితే ఏమైంది పెదనాన్నా?"

"చెయ్యి ఎట్టా పట్టుకుంటానే?"

మా మిర్చి బేరాల సంగతి తెలియకపోతే ఈ మాట వినడానికి బాగుండదు. ఆ రోజుల్లో మావాళ్ళు ధరని నోటితో చెప్పేవాళ్ళు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, పైన కండువా కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, అయిదూ కలిపి నొక్కితే అయిదు, వదిలేస్తే బేరం లేనట్టు. చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నా ఎవరికీ ఏమీ తెలియదు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. మా పెదనాన్నకి ఈ విద్యలో చుట్టుపక్కల సాటి లేదు. కానీ నోటితో ధర చెప్పమంటే, నలుగురిలో చొక్కా విప్పమన్నట్టు ముడుచుకుపోయేవాడు. మేనేజరంటే మగవాడే అయి ఉంటాడని, చెయ్యి పట్టుకుని తగ్గించుకుందామని, అంత ధీమాతో జగ్గయ్యపేట నుంచి బయల్దేరిన మనిషి ఆయన.

"నువ్వు పట్టుకో" అన్నాడు.

"నాకు రాదు."

"ఇప్పుడు నేర్పుతా." కూజా పక్కన, జనం నీళ్ళు తాగుతూ మమ్మల్ని వింతగా చూస్తుండగా, కండువా కింద నా చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఏ వేలు ముందు పట్టాలి, ఎంతసేపు ఆగాలి, అవతలివాడు మన వేలు లాగితే ఏమిటి, వదిలితే ఏమిటి. అయిపోయాక "మగపిల్లలకే నేర్పాలని ఏం లేదు. ఆడపిల్లకి పని పడుద్దని మాకే తోచలా" అన్నాడు. అది నాకు మెచ్చుకోలో క్షమాపణో అర్థం కాలేదు. రెంటిలో ఏదైనా సరేనని, కండువా చేత్తో పట్టుకుని లోపలికి నడిచా.

మేనేజరమ్మకి నా బీకాం ఇంగ్లీషులో మా పద్ధతి విన్నవించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూసింది. పిచ్చిదనుకుంటుందేమో అనుకున్నా. ఆవిడ నవ్వి చెయ్యి చాపింది. బతికాననుకుని కండువాని ఒక్కసారి దులిపి ఆవిడ చేతి మీద కప్పాను.

దులపడమే పొరపాటు. ఆ కండువా పెదనాన్నతో పాటు ఎన్నో సీజన్లుగా మిర్చి యార్డుల్లో తిరిగింది. పెద్దమ్మ ఎంత ఉతికినా దాని ఘాటు దానికుండేది. మా కొట్లో గాలికి అది ఎవరికీ తెలిసేది కాదు. కిటికీలన్నీ మూసిన ఆ చల్లటి గదిలో మాత్రం కారం పొడి పొగలా లేచింది. ముందు ఆవిడ తుమ్మింది, తర్వాత నేను. ఆ తర్వాత అద్దాల అవతల బల్లల దగ్గరివాళ్ళు ఒక్కొక్కరుగా దగ్గు అందుకున్నారు. ఆఫీసు మొత్తం కళ్ళు తుడుచుకుంటూ ఒకే గుమ్మం వైపు పరిగెత్తి, అక్కడ ఇరుక్కుని, ముందుకీ వెనక్కీ కదల్లేక నిలబడిపోయింది. బయట నడవాలో ఉన్న మా పెదనాన్న ఆ గుమ్మం వంక తృప్తిగా చూసి, లోపల నేను వింటున్నానని తెలిసి, "ఇదీ రద్దీ అంటే. దీనికి మనల్ని ఎవడన్నా డబ్బులడుగుతున్నాడా?" అన్నాడు.

మేనేజరమ్మ మాత్రం గది వదల్లేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా కండువా కింద చెయ్యి అలాగే ఉంచింది. నేను తగ్గించమని వేలు పట్టుకున్నా. ఆవిడ నా వేలు వదిలించుకోలేదు, ఇంకో వేలూ ఇవ్వలేదు, ఊరికే నా చెయ్యి మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుంది. దగ్గు మధ్యలో నెమ్మదిగా చెప్పింది. "ఇది వేసింది నేను కాదమ్మా. ఎక్కడో పెద్దాఫీసులో వేస్తారు, ఇక్కడికి కాగితం వస్తుంది. ఆ వేసినవాళ్ళ చెయ్యి నేనూ ఎప్పుడూ పట్టుకోలేదు. పట్టుకోగలిగితే నీకోసం అడిగేదాన్ని." ఆ తర్వాత, "నాచేతిలో ఉన్నది ఒక్కటే. మీ పెట్టెని వెనక్కి నెట్టకుండా రాబోయే ఓడలోనే పంపిస్తా" అంది. ఆ మాట ఆవిడ నిలబెట్టుకుంది. సర్‌ఛార్జి మాత్రం ఒక్క పైసా తగ్గలేదు. పెదనాన్న బయటికొచ్చి హలోగారికి కట్టెయ్యమని చెప్పాడు. మచ్చు చూశాక ఇక మాట వెనక్కి తీసుకోవడం ఆయన పద్ధతి కాదు.

తిరుగు రైలెక్కాం. కొలంబో వ్యాపారంలో మిగలాల్సింది పెద్దగా మిగలదని ఆయనకి తెలుసు, నా ఉద్యోగం అసలే మిగలదని నాకు తెలుసు. ఒంగోలు దగ్గర ఆయన ఇడ్లీ పొట్లం విప్పి నాకిచ్చి, "మీ నాన్నకి నేను చెబుతాలే" అన్నాడు. చెప్పకుండా ఉండొచ్చు కదా అని నోటి చివరిదాకా వచ్చింది. అడగలేదు. అడిగినా ఆ మనిషి దాచడు.

ఆదివారం నాన్న జగ్గయ్యపేట వచ్చాడు. కొట్టు గుమ్మంలో చెప్పులు విప్పకముందే పెదనాన్న జరిగిందంతా చెప్పేశాడు, సర్‌ఛార్జీ, ఓడలూ, జాలరీ, దగ్గూ, ఒక్కటీ వదలకుండా. నాన్న అంతా విని, "సరే అన్నయ్యా, ఒప్పందం ఒప్పందమే. అమ్మాయ్, బట్టలు సర్దుకో" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ మామూలుతనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అరిచి ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్ని.

పెదనాన్న కండువా తీసి కుడిచేతి మీద కప్పుకుని తమ్ముడి వైపు చాపాడు. బేరానికి రమ్మని. అన్న చాపిన చెయ్యి నాన్న కాదనలేడు. తనూ చెయ్యి పెట్టాడు. నా జీవితం మళ్ళీ ఆ ఇద్దరి చేతుల్లోకి వెళ్తోంది, ఈసారి కనబడకుండా. ఎందుకు చేశానో తెలియదు గానీ, రెండడుగులు ముందుకేసి, పెదనాన్న చేతిని పక్కకి తోసి, కండువా కింద నేనే నాన్న చెయ్యి పట్టుకున్నా.

నాన్న ఉలిక్కిపడ్డాడు. నా చెయ్యి ఆయన పట్టుకుని ఎన్నేళ్ళైందో ఇద్దరికీ తెలియదు. బహుశా బడిలో వేసినప్పటి సంగతి. నేను మూడు వేళ్ళు పట్టుకుని నొక్కా, ఇంకో మూడు సీజన్లు కొట్లో ఉంటానని. నాన్న మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత అనుమానం, ఆ తర్వాత నేను ఎప్పుడూ చూడని కొంటెతనం. ఈ పిల్లకి ఇది ఎవరు నేర్పారన్నట్టు అన్న వంక చూశాడు. అన్న వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాన్న ఒక వేలు ఇచ్చాడు. నేను వదల్లేదు, మళ్ళీ మూడు. ఆయన రెండు. నేను లాగి పట్టుకున్నా. వ్యాపారస్తుడైన మా నాన్న, కస్టమరుకి చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చే మనిషి, ఒక నిట్టూర్పు వదిలి మూడో వేలు కూడా నా చేతిలో పెట్టేశాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కండువా ఘాటని సరిపెట్టుకున్నా. "ఈ ఏడు వానలు బాగానే పడేటట్టున్నయ్" అన్నాడు పెదనాన్న.

ఆ మూడు సీజన్లు కాస్తా పదయ్యాయి. మధ్యలో పెళ్ళయింది, విజయవాడ వచ్చాను, ఇప్పుడు అక్కడే ఒక షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తున్నా. సర్‌ఛార్జి పడిందన్న కబురు వ్యాపారులకి చేరవేసే పని ఇప్పుడు నాదే. ఓడలు ఎక్కడ ఆగాయో చూపించమని ఫోన్లో కొందరు విసుక్కుంటారు. నేను వాళ్ళెవరినీ బీచికి తీసుకెళ్ళను, రూలంటే రూలేనని ఒక మెయిల్ పంపి ఊరుకుంటా. ఆ మెయిల్లో ఒక్క అంకె తప్పు పడినా ఊరుకోనని ఆఫీసులో పిల్లలు నన్ను చూసి భయపడతారట.

నందిగామలో నాన్న కొట్లో మాత్రం నా కథ తన పాటికి తను పెరుగుతూ వచ్చింది. మొదటి ఏడు, మా అమ్మాయి మద్రాసు వెళ్ళి ఓడల వాళ్ళతో మాట్లాడొచ్చింది అని చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఓడల వాళ్ళని నిలదీసింది అయింది. తర్వాత సర్‌ఛార్జి కొట్టేయించింది అయింది. పైసా తగ్గలేదని నాన్నకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే, ఆయనకి నిజంగానే గుర్తు లేదేమో అనిపించేది.

ఈ మధ్య వెళ్ళినప్పుడు కొట్లో ఒకాయన కందిపప్పు కొంటున్నాడు. నన్ను చూడగానే "ఏమ్మా, మద్రాసులో ఓడల్నే పక్కకి జరిపించావంటగా?" అన్నాడు. పొద్దస్తమానం ఊరందరి తప్పులూ దిద్దే మనిషిని, ఆ ఒక్క మాట దిద్దటానికి నోరు తెరిచా. నాన్న తల వంచుకుని తూకం వేస్తున్నాడు, కానీ ఆయన చెవులు రెండూ ఇటే ఉన్నాయి.

"అవునండీ" అన్నా. "కాస్త జరగమన్నా, జరిగినయ్."

నాన్న తలెత్తలేదు. గుప్పెడు కందిపప్పు తీసి, తూకం సరిపోయాక కూడా ఆ పెద్దమనిషి పొట్లంలో వేశాడు.